కంటైనర్ నడుస్తోంది, డొమైన్‌లో మాత్రం 502: ఎక్కడ తెగిందో కనిపెట్టడం ఎలా?

మీరు రాసింది నాకు అర్థమైనట్టు ముందు ఒకసారి చెబుతాను, తేడా ఉంటే సరిచేయండి. సొంత సర్వర్‌లో ఒక నోట్స్ యాప్‌ని డాకర్ కంపోజ్‌తో (యాప్‌లని కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే డాకర్‌కి, వాటి సెట్టింగ్స్‌ని ఒక ఫైల్‌లో రాసి ఇచ్చే సాధనం) నడుపుతున్నారు. యాప్ కంటైనర్ లోపల 3000 పోర్టులో ఉంది, దాన్ని 8080:3000 అని బయటికి ఇచ్చారు. బయటి రిక్వెస్ట్‌లని అందుకుని యాప్‌కి పంపే ప్రాక్సీ, అంటే ఇంజిన్‌ఎక్స్, ఇంకో ఫోల్డర్‌లో, వేరే కంపోజ్ ఫైల్‌తో నడుస్తోంది. సర్వర్ ఐపీ పక్కన 8080 కొడితే యాప్ వస్తోంది, డొమైన్ పేరుతో వెళితే 502, అంటే వెనకున్న యాప్ నుంచి ప్రాక్సీకి సరైన జవాబు రాలేదన్న ఎర్రర్. ప్రాక్సీ పాస్‌లో (రిక్వెస్ట్‌ని ఎక్కడికి పంపాలో ఇంజిన్‌ఎక్స్‌కి చెప్పే లైను) 127.0.0.1:8080 పెడితే కుదరలేదు. కంటైనర్ పేరు పెడితే ఇంజిన్‌ఎక్స్ అసలు లేవనే లేదు. చివరికి ‘డాకర్ నెట్‌వర్క్ కనెక్ట్’ కమాండ్‌తో ప్రాక్సీని యాప్ నెట్‌వర్క్‌లోకి చేర్చి, యాప్ ఐపీ 172.18.0.5:3000 అని రాస్తే పనిచేసింది. ఇమేజ్ (కంటైనర్‌ని తయారుచేసే మూస) అప్‌డేట్ చేశాక మళ్లీ 502. పనిచేసిన కాసేపట్లోనూ లాగిన్ చేస్తే తిరిగి లాగిన్ పేజీకే తీసుకొస్తోంది.

ఇక్కడ వేర్వేరు చోట్ల వేర్వేరు తప్పులున్నాయి. ఒకటి సరిచేయగానే దాని వెనకున్నది బయటపడుతోంది. దాంతో మొదటి మార్పు కూడా తప్పేమో అనుకుని దాన్ని తీసేస్తున్నారు, కథ మళ్లీ మొదటికొస్తోంది. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: రిక్వెస్ట్ ఎక్కడిదాకా వెళ్లి ఆగిందో తేలేదాకా కాన్ఫిగ్‌లో ఒక్క లైను కూడా ముట్టుకోవద్దు.

502 వచ్చిందంటేనే చాలా విషయాలు తేలిపోయాయి. డొమైన్ ఎక్కడో ఒక ప్రాక్సీకి వెళుతోంది, 443 పోర్టు తెరిచే ఉంది, సర్టిఫికెట్‌ని బ్రౌజర్ ఒప్పుకుంది. ఇవేవీ లేకుండా ఆ అంకె మీ తెర మీదికి రాదు. కాబట్టి డీఎన్‌ఎస్, రూటర్, ఫైర్‌వాల్ వైపు వెళ్లి రాత్రంతా వెతకనక్కర్లేదు. మీ సర్వర్‌కి ముందు క్లౌడ్‌ఫ్లేర్ లాంటి మధ్యవర్తి సేవ ఉంటే మాత్రం ఆ 502 ఎవరిదో ముందు చూడండి. ఎర్రర్ పేజీ రూపం, రెస్పాన్స్ హెడర్లలోని ‘సర్వర్’ లైను చూస్తే తెలిసిపోతుంది. మీ ఇంజిన్‌ఎక్స్ లాగ్‌లో ఆ రిక్వెస్ట్ ఆనవాలే లేదంటే అది మీ దాకా రానేలేదు.

ఇప్పుడు ఆ లాగ్ తెరవండి. అధికారిక ఇంజిన్‌ఎక్స్ ఇమేజ్ తన యాక్సెస్ లాగ్‌నీ ఎర్రర్ లాగ్‌నీ కంటైనర్ అవుట్‌పుట్‌కే పంపుతుంది, కాబట్టి ‘డాకర్ లాగ్స్ -ఎఫ్ --టెయిల్ 50’ అని ప్రాక్సీ కంటైనర్ పేరు ఇస్తే చాలు. ఒక పక్క దాన్ని తెరిచి ఉంచి, ఇంకో పక్క బ్రౌజర్‌లో పేజీ రిఫ్రెష్ చేయండి. 502కి జతగా ఒక ఎర్రర్ లైను పడుతుంది, అందులో చాలావరకు బ్రాకెట్లో ఒక అంకె ఉంటుంది. ఆ అంకెని చదవడం అలవాటు చేసుకుంటే ఈ పనిలో సగం టెన్షన్ తగ్గుతుంది.

111, అంటే ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’: ఆ ఐపీ దగ్గర యంత్రమో కంటైనరో ఉంది, కానీ ఆ పోర్టులో ఎవరూ లేరు. పోర్టు నంబర్ తప్పు, లేదా యాప్ పడిపోయింది, లేదా యాప్ 127.0.0.1కి మాత్రమే, అంటే తన లోపలి నుంచి వచ్చేవాటికి మాత్రమే కట్టుబడి కూర్చుంది. 113, ‘నో రూట్ టు హోస్ట్’: ఆ ఐపీలో ఇప్పుడు ఎవరూ లేరు. కంటైనర్ మళ్లీ పుట్టి ఐపీ మారినప్పుడు ఎక్కువగా ఇదే కనిపిస్తుంది. 110, ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’: ప్యాకెట్లు వెళుతున్నాయి, జవాబు లేదు. నెట్‌వర్క్‌లు వేరై ఉండాలి, లేదా మధ్యలో ఫైర్‌వాల్ నోరు మెదపకుండా పారేస్తుండాలి. ఈ రకానికి చివర్లో 504 (జవాబు కోసం ఆగి గడువు దాటింది) కూడా రావచ్చు. 13, ‘పర్మిషన్ డినైడ్’: ఇంజిన్‌ఎక్స్‌ని కంటైనర్‌లో కాకుండా నేరుగా ఫెడోరా, రెడ్ హ్యాట్ తరహా సిస్టమ్ మీద నడిపేవాళ్లకి వస్తుంది. అక్కడ ఎస్‌ఈలైనక్స్ అనే భద్రతా వ్యవస్థ అడ్డుకుంటోంది, దానికి ‘హెచ్‌టీటీపీడీ_క్యాన్_నెట్‌వర్క్_కనెక్ట్’ అనే స్విచ్ ఆన్ చేయాలి. దయచేసి దీనికోసం ఎస్‌ఈలైనక్స్ మొత్తాన్నీ ఆపేయొద్దు. అంకె లేకుండా ‘అప్‌స్ట్రీమ్ ప్రిమెచ్యూర్లీ క్లోజ్డ్ కనెక్షన్’ అని ఉంటే (అప్‌స్ట్రీమ్ అంటే ప్రాక్సీ వెనకున్న యాప్) దారి బాగానే ఉంది, యాప్ మధ్యలో కనెక్షన్ తెంపేసింది. అప్పుడు చూడాల్సింది ప్రాక్సీ లాగ్ కాదు, యాప్ లాగ్.

మీ మూడు ప్రయత్నాలకీ ఈ లెక్కలోనే జవాబులున్నాయి.

127.0.0.1:8080 ఎందుకు కుదరలేదంటే, ప్రతి కంటైనర్‌కీ తన సొంత 127.0.0.1 ఉంటుంది. ఇంజిన్‌ఎక్స్ కంటైనర్ లోపల ఆ అడ్రస్ అంటే ఇంజిన్‌ఎక్స్ కంటైనరే, మీ సర్వర్ కాదు. అక్కడ 8080లో ఎవరూ లేరు కాబట్టి 111 వచ్చి ఉంటుంది. ఇంజిన్‌ఎక్స్ నేరుగా సర్వర్ మీద ఉండే సెటప్‌లలో ఇదే లైను చక్కగా పనిచేస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే సగం కాన్ఫిగ్‌లు అలాంటి సెటప్‌ల కోసం రాసినవే, తెచ్చి అతికిస్తే ఇలాగే అవుతుంది.

కంటైనర్ పేరు పెడితే ఇంజిన్‌ఎక్స్ లేవకపోవడానికి కారణం నెట్‌వర్క్. ప్రతి కంపోజ్ ప్రాజెక్టూ తనకంటూ ఒక నెట్‌వర్క్ కట్టుకుంటుంది. ఆ నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లకి 127.0.0.11 అనే అడ్రస్‌లో డాకర్ సొంత డీఎన్‌ఎస్ దొరుకుతుంది, సర్వీస్ పేర్లను ఐపీలుగా మార్చేది అదే. మీ ప్రాక్సీ వేరే ప్రాజెక్టు కాబట్టి దానికి ఆ పేరు తెలియదు. స్టార్ట్ అయ్యేటప్పుడు కాన్ఫిగ్‌లోని పేరు దొరక్కపోతే ఇంజిన్‌ఎక్స్ ‘హోస్ట్ నాట్ ఫౌండ్ ఇన్ అప్‌స్ట్రీమ్’ అని చెప్పి ఆగిపోతుంది. మీరు పేరు పక్కన 8080 రాశారని గమనించాను. పేరు దొరికి ఉన్నా అది పనిచేసేది కాదు. 8080:3000లో ఎడమది సర్వర్ పోర్టు, కుడిది కంటైనర్ పోర్టు. కంటైనర్ నుంచి కంటైనర్‌కి వెళ్లేటప్పుడు ఎప్పుడూ కుడిదే వాడాలి.

మూడోసారి పనిచేసింది, కానీ అది నిలబడేది కాదు. కంటైనర్ ఐపీ శాశ్వతం కాదు. ఇమేజ్ మారినప్పుడు కంపోజ్ పాత కంటైనర్‌ని తీసేసి కొత్తది పుట్టిస్తుంది, దానికి పాత ఐపీయే వస్తుందన్న హామీ లేదు. చేత్తో ఇచ్చిన ‘నెట్‌వర్క్ కనెక్ట్’ కూడా అంతే. ఆ కలయిక కంపోజ్ ఫైల్‌లో లేదు కాబట్టి ప్రాక్సీ కంటైనర్ మళ్లీ పుట్టిన రోజు అదీ పోతుంది.

సర్వర్ ఐపీ:8080లో యాప్ వస్తోందని మీరు చెప్పడం వల్ల ఒక అనుమానం తీరిపోయింది. బయటికి ఇచ్చిన పోర్టులోంచి వచ్చే ట్రాఫిక్ కంటైనర్ నెట్‌వర్క్ ఐపీ మీదుగానే లోపలికి వెళుతుంది. అంటే యాప్ 0.0.0.0 మీదే, అంటే అన్ని అడ్రస్‌ల మీదా వింటోంది. అలా కాకుండా అదీ రాకపోయి ఉంటే, యాప్ సెట్టింగ్స్‌లో హోస్ట్ లేదా బైండ్ అనే చోట 127.0.0.1 ఉందేమో ముందు అక్కడే చూడమనేవాణ్ని. డెవలప్‌మెంట్ సర్వర్లు చాలావరకు డీఫాల్ట్‌గా అలాగే ఉంటాయి.

ఇక సరిచేయడం. ‘డాకర్ నెట్‌వర్క్ క్రియేట్’ కమాండ్‌తో ఒక ఉమ్మడి నెట్‌వర్క్ చేయండి, పేరు ‘ఎడ్జ్’ అనుకుందాం. రెండు కంపోజ్ ఫైళ్లలోనూ చివర ఉండే నెట్‌వర్క్స్ విభాగంలో ఆ పేరు రాసి, దాని కింద ‘ఎక్స్‌టర్నల్: ట్రూ’ పెట్టండి. తర్వాత ప్రాక్సీ సర్వీస్ కిందా, యాప్ సర్వీస్ కిందా ఆ నెట్‌వర్క్‌ని చేర్చండి.

ఇక్కడే రెండు గుంటలున్నాయి. ఒక సర్వీస్‌కి నెట్‌వర్క్స్ అని మీరు రాసిన మరుక్షణం, కంపోజ్ దాన్ని డీఫాల్ట్ నెట్‌వర్క్‌లో తనంతట తాను చేర్చడం మానేస్తుంది. ఎడ్జ్ ఒక్కటే రాస్తే యాప్‌కి డేటాబేస్ కనిపించకుండా పోతుంది, అప్పటిదాకా లేని కొత్త ఎర్రర్ మొదలవుతుంది. కాబట్టి యాప్ కింద ‘డీఫాల్ట్’, ‘ఎడ్జ్’ రెండూ రాయండి. డేటాబేస్‌ని మాత్రం ఎడ్జ్‌లోకి తీసుకురావద్దు, ప్రాక్సీకి దానితో పనిలేదు. రెండోది పేర్ల గొడవ. ఉమ్మడి నెట్‌వర్క్‌లో రెండు ప్రాజెక్టుల్లోనూ ‘యాప్’ అనే సర్వీస్ ఉంటే ఒకే పేరుకి రెండు ఐపీలు వస్తాయి. ఒక రిక్వెస్ట్ మీ నోట్స్‌కి, ఇంకోటి పక్క ప్రాజెక్టుకి వెళుతుంది. కాసేపు పనిచేస్తుంది, కాసేపు చేయదు. ఇలాంటి దోషాన్ని పట్టుకోవడం మహా కష్టం. అందుకే ‘నోట్స్-యాప్’ లాంటి ప్రత్యేకమైన పేరు పెట్టుకోండి.

మార్పు చేశాక ‘డాకర్ కంపోజ్ రీస్టార్ట్’ కొట్టకండి. రీస్టార్ట్ ఉన్న కంటైనర్‌నే ఆపి లేపుతుంది తప్ప, కంపోజ్ ఫైల్‌లోనో ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లోనో మార్చినదాన్ని చదవదు. ‘డాకర్ కంపోజ్ అప్ -డి’ ఇస్తేనే కొత్త సెట్టింగ్స్‌తో కంటైనర్ మళ్లీ తయారవుతుంది. ‘అన్నీ మార్చాను, ఏమీ తేడా రాలేదు’ అని వాపోయేవాళ్లలో చాలామంది ఇక్కడే ఇరుక్కుని ఉంటారు.

బ్రౌజర్ జోలికి వెళ్లకముందే ప్రాక్సీ కంటైనర్ లోపలి నుంచి పరీక్షించండి. ‘డాకర్ ఎగ్జెక్’తో ప్రాక్సీలోకి వెళ్లి, వెబ్ అడ్రస్‌ని కమాండ్‌తో పిలిచే కర్ల్‌తో ‘కర్ల్ -వి హెచ్‌టీటీపీ://నోట్స్-యాప్:3000’ అని కొట్టండి. పేరు దొరక్కపోతే నెట్‌వర్క్ తప్పు, రిఫ్యూజ్డ్ అంటే పోర్టు తప్పు. 200 (సరే) గానీ 302 (ఇంకో పేజీకి మళ్లింపు) గానీ వస్తే ప్రాక్సీకీ యాప్‌కీ మధ్య దారి బాగున్నట్టే, ఇక చూడాల్సింది ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్ మాత్రమే. షెల్ కూడా లేని చిన్న ఇమేజ్ అయితే, కర్ల్ ఉన్న ఇంకో ఇమేజ్‌ని ‘--నెట్‌వర్క్ కంటైనర్:’ అని ప్రాక్సీ పేరు జతచేసి నడపండి. అది ప్రాక్సీ నెట్‌వర్క్‌లోనే కూర్చుని చూస్తుంది కాబట్టి ఫలితం ఒకటే.

ఐపీ బదులు పేరు రాసినా అప్‌డేట్ తర్వాత 502 రావచ్చు. మామూలు ప్రాక్సీ పాస్‌లో రాసిన పేరుని ఇంజిన్‌ఎక్స్ స్టార్ట్ అయినప్పుడో రీలోడ్ అయినప్పుడో ఒక్కసారే ఐపీగా మార్చుకుని, దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. యాప్ కొత్త ఐపీతో వచ్చిందని దానికి తెలియదు. ప్రాక్సీని రీస్టార్ట్ చేస్తే ఇలాంటి 502 పోయేది ఇందువల్లే. అప్‌డేట్ అయ్యాక ‘ఇంజిన్‌ఎక్స్ -ఎస్ రీలోడ్’ ఇవ్వడం ఒక పద్ధతి. దానికన్నా మంచిది: కాన్ఫిగ్‌లో రిజాల్వర్ 127.0.0.11 అని, వాలిడ్ 30 సెకన్లు అని రాసి, యాప్ పేరుని సెట్ డైరెక్టివ్‌తో ఒక వేరియబుల్‌లో పెట్టి, ప్రాక్సీ పాస్‌లో ఆ వేరియబుల్ వాడండి. వేరియబుల్ ఉంటే ఇంజిన్‌ఎక్స్ రిక్వెస్ట్ వచ్చినప్పుడు పేరు వెతుక్కుంటుంది. యాప్ ఆగిపోయి ఉన్నా ఇంజిన్‌ఎక్స్ లేస్తుంది, మిగతా సైట్లు దానితోపాటు పడిపోవు. వేరియబుల్ వాడినప్పుడు చివర ఏ పాత్ గానీ స్లాష్ గానీ రాయకండి. రాస్తే వచ్చిన అడ్రస్ బదులు ప్రతిసారీ అదే వెళుతుంది, హోమ్ పేజీ తప్ప ఇంకేమీ రాదు. 1.27.3 వెర్షన్ నుంచి ఉచిత ఇంజిన్‌ఎక్స్‌లోనూ అప్‌స్ట్రీమ్ బ్లాక్‌లో ‘రిజాల్వ్’ అనే మాట వాడుకునే వీలొచ్చింది. కొత్త ఇమేజ్ అయితే అదీ బాగుంటుంది.

కాన్ఫిగ్ మార్చినా పాతదే నడుస్తున్నట్టు అనిపిస్తే, ఫైల్ ఒక్కదాన్నే మౌంట్ చేశారేమో చూడండి. కొన్ని ఎడిటర్లు సేవ్ చేసేటప్పుడు పాత ఫైల్ స్థానంలో కొత్త ఫైల్ పెడతాయి, కంటైనర్ మాత్రం పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. ప్రాక్సీ లోపల ‘ఇంజిన్‌ఎక్స్ -టి’ని పెద్ద అక్షరంతో ఇస్తే కంటైనర్‌కి కనిపిస్తున్న కాన్ఫిగ్ మొత్తం చూపిస్తుంది. ఫైల్ బదులు ఫోల్డర్‌ని మౌంట్ చేస్తే ఈ బాధ ఉండదు.

ఇప్పుడు లాగిన్ సంగతి. బ్రౌజర్ నుంచి ఇంజిన్‌ఎక్స్ దాకా హెచ్‌టీటీపీఎస్, అక్కడి నుంచి యాప్‌కి మామూలు హెచ్‌టీటీపీ. యాప్‌కి చివరి ముక్క ఒక్కటే కనిపిస్తుంది, కాబట్టి యూజర్ ఎన్‌క్రిప్షన్ లేకుండా వచ్చాడనుకుంటుంది. ‘హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి’ అని పెట్టి ఉంటే అదే అడ్రస్‌కి మళ్లీ మళ్లీ పంపుతుంది, బ్రౌజర్ ‘టూ మెనీ రీడైరెక్ట్స్’ అంటుంది. సెషన్ కుకీకి (లాగిన్ అయినవాళ్లని గుర్తుపట్టే చీటీ) సెక్యూర్ అని పెట్టి ఉంటే కొన్ని యాప్‌లు కుకీ ఇవ్వడమే మానేస్తాయి. పాస్‌వర్డ్ సరైనదే, లాగిన్ అయినట్టే, కానీ తర్వాతి పేజీకి గుర్తింపు లేదు, మళ్లీ లాగిన్ పేజీ. మీది ఈ రెండోదే అనిపిస్తోంది.

అనుమానం తీర్చుకోవడానికి బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, లాగ్ చెరిగిపోకుండా ‘ప్రిజర్వ్ లాగ్’ పెట్టి లాగిన్ చేయండి. లాగిన్ ఫారం వెళ్లిన రిక్వెస్ట్ మీద నొక్కి రెస్పాన్స్ హెడర్లు చూడండి. ‘సెట్-కుకీ’ లైను లేకపోతే యాప్ ఇవ్వలేదు. లైను ఉండి పక్కన హెచ్చరిక గుర్తు ఉంటే బ్రౌజర్ తిరస్కరించింది, కారణం ఆ గుర్తు మీద మౌస్ పెడితే కనిపిస్తుంది. ‘లొకేషన్’ హెడర్‌లో మీ డొమైన్ బదులు నోట్స్-యాప్:3000 లాంటిది ఉంటే హోస్ట్ హెడర్ సరిగ్గా వెళ్లట్లేదు. మీరు చెప్పకపోతే ఇంజిన్‌ఎక్స్ యాప్‌కి పంపే హోస్ట్, ప్రాక్సీ పాస్‌లో రాసిన పేరే.

ఇంజిన్‌ఎక్స్ వైపు ప్రాక్సీ సెట్ హెడర్‌తో మూడు లైన్లు ఉండాలి: హోస్ట్ (బ్రౌజర్ అడిగిన డొమైన్), ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ (యూజర్ ఐపీ), ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో (యూజర్ హెచ్‌టీటీపీఎస్‌తో వచ్చాడా అన్నది). ఇవి సర్వర్ బ్లాక్‌లో ఉండి, లొకేషన్ బ్లాక్‌లో మీరు ఇంకేదైనా ప్రాక్సీ సెట్ హెడర్ ఒక్కటి రాసినా, పైనున్నవేవీ ఆ లొకేషన్‌కి రావు. వెబ్‌సాకెట్ (కనెక్షన్‌ని తెరిచే ఉంచే పద్ధతి) కోసం అప్‌గ్రేడ్ హెడర్ చేర్చిన రోజే లాగిన్ చెడిపోవడం వెనక ఉండేది చాలాసార్లు ఇదే. అన్నీ ఒకేచోట రాయండి.

యాప్ వైపు కూడా ఆ హెడర్లని నమ్మమని చెప్పాలి. యాప్‌ని ఏ ఫ్రేమ్‌వర్క్‌తో రాశారన్నదాన్ని బట్టి, ఎక్స్‌ప్రెస్‌లో ‘ట్రస్ట్ ప్రాక్సీ’, జాంగోలో ‘సెక్యూర్ ప్రాక్సీ ఎస్‌ఎస్‌ఎల్ హెడర్’ అనే సెట్టింగ్. జాంగో 4.0 నుంచి ‘సీఎస్‌ఆర్‌ఎఫ్ ట్రస్టెడ్ ఆరిజిన్స్’లో డొమైన్ ముందు హెచ్‌టీటీపీఎస్ అని కూడా రాయాలి, లేకపోతే లాగిన్‌కి 403 (అనుమతి లేదు) రావచ్చు. రెడీమేడ్ యాప్‌లలో బేస్ యూఆర్‌ఎల్ లేదా పబ్లిక్ యూఆర్‌ఎల్ అనే పేరుతో ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంటుంది, అందులో పూర్తి డొమైన్ అడ్రస్ పెట్టాలి.

ఈ హెడర్లని నమ్మమని యాప్‌కి చెప్పాక 8080 బయటికి తెరిచి ఉండటం ప్రమాదం. ఆ పోర్టుకి నేరుగా వచ్చినవాళ్లు ఎవరైనా ఆ హెడర్లని తామే రాసి పంపొచ్చు. పైగా ఆ దారిలో మీ పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళుతోంది. యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్‌లో 8080 మూసే ఉంది కదా అనుకోకండి. డాకర్ బయటికి ఇచ్చిన పోర్టుల ట్రాఫిక్‌ని ఐపీటేబుల్స్‌లో (లైనక్స్ ట్రాఫిక్ నియమాల పట్టిక) ముందే కంటైనర్ వైపు మళ్లిస్తుంది, యూఎఫ్‌డబ్ల్యూ నియమాల దాకా అది రాదు. ఉమ్మడి నెట్‌వర్క్ కుదిరాక పోర్ట్స్ లైను పూర్తిగా తీసేయండి. పరీక్షల కోసం కావాలంటే 127.0.0.1:8080:3000 అని రాసుకోండి, సర్వర్ బయటి నుంచి ఎవరికీ అందదు. ఈ ఒక్క మార్పు మాత్రం ఈరోజే చేయమని అడుగుతున్నాను.

ఇవి సర్దుకున్నాక మీకు ఎదురయ్యేవి ఇంకొన్ని ఉంటాయి. పెద్ద ఫైల్ ఎక్కిస్తే 413 వస్తే, ఇంజిన్‌ఎక్స్ డీఫాల్ట్ పరిమితి 1 ఎంబీ, ‘క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్’ పెంచాలి. సరిగ్గా 60 సెకన్లకి 504 వస్తే అది ‘ప్రాక్సీ రీడ్ టైమ్‌అవుట్’. దాన్ని పెంచేముందు యాప్ అంతసేపు ఏం చేస్తోందో చూడండి. ‘డాకర్ కంపోజ్ అప్’ ఇచ్చిన వెంటనే మాత్రమే 502 వచ్చి కొద్దిసేపటికి పోతుంటే, డేటాబేస్ సిద్ధం కాకముందే యాప్ లేచి పడిపోతోంది. ఉత్త ‘డిపెండ్స్ ఆన్’ కంటైనర్ స్టార్ట్ అయ్యేదాకానే ఆగుతుంది, సిద్ధమయ్యేదాకా ఆగదు. డేటాబేస్‌కి హెల్త్‌చెక్ (సిద్ధమైందో లేదో చూసే పరీక్ష) రాసి, కండిషన్‌గా ‘సర్వీస్ హెల్దీ’ పెట్టాలి. యాప్ ఉన్నట్టుండి ఆగిపోయి ఎగ్జిట్ కోడ్ 137 కనిపిస్తే దాన్ని ఎవరో బలవంతంగా ఆపారు. ‘డాకర్ ఇన్‌స్పెక్ట్’లో ‘ఊమ్ కిల్డ్’ ట్రూ అని ఉంటే మెమరీ చాల్లేదు.

ఉమ్మడి నెట్‌వర్క్, పేరు, 3000 పోర్టు, ఈ మూడూ ముందు పెట్టి కర్ల్ పరీక్ష చేయండి. అది పాసయ్యాక రిజాల్వర్, ఆ తర్వాత హెడర్లు. ఒక్కో మార్పుకీ మధ్య లాగ్ చూడండి. ఇంకా 502 వస్తుంటే ఆ సమయంలో పడిన ఎర్రర్ లైను, ప్రాక్సీ లోపలి కర్ల్ ఫలితం, రెండు కంపోజ్ ఫైళ్లలోని నెట్‌వర్క్స్ విభాగాలు పంపండి. పాస్‌వర్డ్లు, టోకెన్లు ముందే తీసేయండి.